ముందస్తు అనే మాట, యమున అనే నది

రాబోయే కష్టాన్ని అది రాకముందే పసిగట్టి చేసే పనిని చెప్పడానికి తెలుగులో ఒకటికి మూడు క్రియావిశేషణాలు వాడుకలో ఉన్నాయి. 'ముందుగా' అన్నది కాలాన్ని మాత్రమే తెలుపుతుంది. పెళ్లికి ముందుగా వెళ్లినా, వానకు ముందుగా పంట కోసినా ఆ మాటే సరిపోతుంది. 'ముందు జాగ్రత్తగా' అన్నప్పుడు కాలానికి కారణం కూడా తోడవుతుంది, ఎందుకంటే జాగ్రత్త అన్న మాటకు సంస్కృతంలో మూలార్థం మేలుకొని ఉండటం. మూడోదైన 'ముందస్తుగా' అన్నది ముందస్తు వానలు, ముందస్తు నాట్లు అని రైతులు అనేచోట వేళకు మునుపు అన్న అర్థంతో ఆగిపోతుంది గాని, ముందస్తు బెయిలు, ముందస్తు అరెస్టు, ముందస్తు హెచ్చరిక అని పత్రికలు రాసేచోట ఒక వ్యవస్థ రేపు జరగబోయేదాన్ని ఊహించి ఈ రోజే చేసిన పని అన్న అర్థాన్ని సంతరించుకుంటుంది. ప్రభుత్వ కార్యాలయాల భాషలో ఇప్పుడు తరచుగా వినిపించే 'ప్రొయాక్టివ్‌గా', 'ప్రీఎంప్టివ్‌గా' అన్న ఇంగ్లీషు మాటలకు తెలుగు అనువాదకులు ఎక్కువగా ఎంచుకునేది ఈ మూడో మాటనే. ఆ రెండింటిలో రెండోది లాటిన్‌లో ఇతరులకంటే ముందు కొనేయడం అన్న అర్థం నుంచి పుట్టింది కాబట్టి, దాని మూలంలో మేలుకొని ఉండటం కంటే పైచేయి సాధించడమే ఎక్కువగా కనిపిస్తుంది.

ఢిల్లీ నగరం ఇదే భావానికి వాడే మాట వేరు. వర్షాకాలంలో యమున పొంగినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపినా, ఒడ్డున ఉన్నవాళ్లను ఖాళీ చేయించినా, అక్కడి హిందీ, ఉర్దూ పత్రికలు ఆ పని 'ఎహతియాతన్' జరిగిందని రాస్తాయి. అరబ్బీ నుంచి పారసీ మీదుగా వచ్చిన ఈ క్రియావిశేషణానికి మూలమైన ధాతువుకు చుట్టుముట్టడం, ఆవరించి కాపాడటం అన్న అర్థాలు ఉన్నాయి. గోడను తెలిపే 'హాయిత్' అన్న అరబ్బీ మాట కూడా అదే ధాతువు నుంచి పుట్టింది. అంటే తెలుగువాళ్ల ముందు జాగ్రత్తలో మేలుకొని ఉన్న మనిషి ఉంటే, ఢిల్లీవాళ్ల ఎహతియాత్‌లో చుట్టూ కట్టుకున్న గోడ ఉంది. ఈ రెండు ఊహల మధ్య జరిగిన పోటీయే యమునా తీరంలో ఢిల్లీ నగర చరిత్రలో ఒక ముఖ్యమైన భాగమని చెప్పడం అతిశయోక్తి కాదు: నగరం గోడను నమ్ముకున్న ప్రతిసారీ మెలకువ తగ్గింది, గోడకు గండి పడిన ప్రతిసారీ మెలకువ విలువ మళ్లీ తెలిసివచ్చింది.

ఉత్తర భారత మైదానంలో నదీతీర భూములను రెండు రకాలుగా చెబుతారు. నది ఏటా ముంచి కొత్త ఒండ్రు వేసిపోయే పల్లపు నేలను ఖాదర్ అంటారు. మామూలు వరద అందనంత ఎత్తులో ఉన్న పాత ఒండ్రు నేలను బాంగర్ అంటారు. గోదావరి, కృష్ణ తీరాల పరిభాషలో చెప్పాలంటే ఖాదర్ అన్నది దాదాపు లంక భూమి, బాంగర్ అన్నది మెరక. పాత పాలకులు ఢిల్లీ నగరాలను కట్టిన తీరు చూస్తే ఈ తేడా వాళ్లకు బాగా తెలుసని అర్థమవుతుంది. సూర్ వంశపు ఇస్లాం షా 1546లో యమున పాయ మధ్య ఉన్న దిబ్బ మీద సలీంగఢ్ కోటను కట్టించాడు. షాజహాన్ 1639లో పునాది వేయించిన ఎర్రకోట తూర్పు గోడ నదికి ఎదురుగా నిలిచింది. కోట నది పక్కకు వచ్చినా ఊరు మాత్రం పడమటి వైపు మెరక మీదికి పాకింది, జామా మసీదును అక్కడి గుట్ట మీదనే ఎత్తారు. కోటగోడ కింద నీటికీ రాతికీ మధ్య మిగిలిన ఇసుక మేటను 'రేతి' అని పిలిచేవారు, అది నది కోసం వదిలిపెట్టిన జాగా. తరువాతి కాలంలో నది తూర్పుకు జరిగి, ఆ జాగాలోకి రోడ్డు వచ్చింది. ఇప్పుడు రింగ్ రోడ్డు అని పిలిచే ఆ దారిలో రోజూ ప్రయాణించే వాళ్లలో చాలామందికి తాము నది పాత పడకలో వెళుతున్నామన్న సంగతి తట్టదు.

ఆధునిక కాలంలో, నీరు రాకముందే నీటి గురించి ఆలోచించి తీసుకున్న పెద్ద నిర్ణయం ఒకటి కొత్త రాజధాని విషయంలో జరిగింది. 1911 డిసెంబరు 12న దర్బారులో కలకత్తా నుంచి రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించిన అయిదవ జార్జి చక్రవర్తి, మూడు రోజుల తరువాత 15వ తేదీన నగరానికి ఉత్తరాన దర్బారు మైదానం దగ్గర శంకుస్థాపన చేశాడు. చక్రవర్తి చేతుల మీదుగా రాయి పడిన చోటును కాదనడం ఆనాటి రాజ్యమర్యాదల్లో తేలిక కాదు. అయినా మరుసటి సంవత్సరం స్థలాలను పరిశీలించిన ఢిల్లీ నగర నిర్మాణ సంఘం, అందులో సభ్యులైన జార్జి స్వింటన్, ఎడ్విన్ లుట్యెన్స్, జాన్ బ్రాడీ, ఉత్తరపు స్థలం పల్లంలో ఉందని, యమున వరదకు మునిగే అవకాశంతో పాటు మలేరియా బెడద కూడా అక్కడ ఎక్కువని తేల్చి, దక్షిణాన రైసినా గుట్టను ఎంపిక చేసింది. శంకుస్థాపన రాళ్లను కూడా తరువాత అక్కడికే తరలించారు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తిన తరువాతే హైదరాబాదు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, పైన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలకు దారి వేసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అన్న సామెత అక్కడ వేల ప్రాణాల ఖరీదుతో రుజువైంది. ఢిల్లీలో మాత్రం చేతులు కాలకముందే స్థలం మారింది, అయితే ఆ మెలకువ ప్రభుత్వ భవనాలకు దక్కింది గాని ఊరంతటికీ దక్కలేదు. తిరస్కరించిన ఉత్తరపు పల్లంలోనే దేశ విభజన తరువాత నివాస కాలనీలు వెలిశాయి.

నదికి అడ్డంగా నిలిచిన పాత రైల్వే వంతెన ఈ చరిత్రకంతటికీ కొలబద్ద అయింది. ఈస్ట్ ఇండియన్ రైల్వే 1866లో 12 ఇనుప ఖానాలతో ఒక లైను వంతెనగా నిర్మించి, 1913లో రెండో లైను చేర్చిన ఈ కట్టడాన్ని ఢిల్లీ ప్రజలు లోహే కా పుల్, అంటే ఇనుప వంతెన అని పిలుస్తారు. పై అంతస్తులో రైళ్లు, కింది అంతస్తులో బండ్లు, మనుషులు వెళ్లేలా కట్టిన ఈ వంతెన సలీంగఢ్ కోటను ఒరుసుకుంటూ షాదరా వైపు దిగుతుంది. ఢిల్లీలో యమున నీటి మట్టం ఎంత అని ఎవరు అడిగినా, చెప్పే అంకె ఈ వంతెన దగ్గర తీసినదే. ఆ అంకె నది లోతు కాదు, సముద్ర మట్టానికి నీటి ఉపరితలం ఎంత ఎత్తున ఉందన్న లెక్క. ఇప్పటి లెక్కలో 204.50 మీటర్లు హెచ్చరిక స్థాయి, 205.33 మీటర్లు ప్రమాద స్థాయి, 206 మీటర్లు ఖాళీ చేయించే స్థాయి. పూర్వం ప్రమాద స్థాయి 204.83 మీటర్లుగా ఉండేది. ఈ గీతలు ప్రకృతి గీసినవి కావు, ఎంత నీరు వస్తే ఎవరు నష్టపోతారన్న అంచనాతో మనుషులు గీసి, అవసరమైనప్పుడు జరుపుకున్నవి. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగుల వద్ద మొదటి, రెండవ, మూడవ ప్రమాద హెచ్చరికలు ఎగరేయడం చూసి పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో వరదను ఎదుర్కొనే జాతీయ విధానం గోడ వైపే మొగ్గింది. 1954లో ఈశాన్యంలోనూ గంగా మైదానంలోనూ వచ్చిన వరదల తరువాత, ఆ ఏడాది సెప్టెంబరులో ప్రణాళిక, నీటిపారుదల శాఖల మంత్రి గుల్జారీలాల్ నందా పార్లమెంటు ముందుంచిన ప్రకటనతో జాతీయ వరద నివారణ కార్యక్రమం మొదలైంది, కరకట్టల నిర్మాణం దేశమంతటా ఊపందుకుంది. ఢిల్లీలో యమునకు తూర్పున, విభజన శరణార్థులతోనూ పల్లెల నుంచి వచ్చినవారితోనూ నిండుతున్న షాదరా ప్రాంతాన్ని కాపాడటానికి కరకట్టలు లేచాయి. స్థానికులు కరకట్టను 'పుస్తా' అంటారు. ఉస్మాన్‌పూర్ వైపు మూడో పుస్తా, నాలుగో పుస్తా అన్నవి ఇప్పుడు ఊరి పేర్లలా, బస్సు ఆగే చోట్ల పేర్లలా వాడుకలో స్థిరపడ్డాయి. కట్టకు ఇవతల నగరం, అవతల నది అని గీత గీసినట్టు అయింది గాని, నదికి ఆ గీత గురించి ఎవరూ చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీకి ఒక విచిత్రమైన దెబ్బ తగిలింది, ముందస్తుగా అన్న మాట పరిమితి ఏమిటో దానికంటే స్పష్టంగా చూపిన ఘటన ఈ నగర చరిత్రలో మరొకటి లేదు. 1955 నవంబరులో, వరద తీసిన తరువాత యమున ప్రవాహం తన దారి మార్చుకొని వజీరాబాదు దగ్గరి నీటి పంపుల నుంచి దూరంగా జరిగింది. ఆ పంపులకు కాస్త దిగువన నదిలో కలిసే నజఫ్‌గఢ్ కాలువ అప్పటికే నగరపు మురుగును మోసుకొచ్చేది. ప్రవాహం మారడంతో ఆ మురుగు నీరు వెనక్కు ఎదురు తన్ని పంపుల నోటి దాకా వచ్చింది. నీటి ఇంజినీర్లు నిద్రపోలేదు. కలుషితం సంగతి పసిగట్టి, శుద్ధి కేంద్రంలో పటిక మోతాదునూ క్లోరిన్ మోతాదునూ పెంచారు. తమకు తెలిసిన శత్రువుల విషయంలో వాళ్ల జాగ్రత్త ఫలించింది కూడా, ఎందుకంటే టైఫాయిడ్, విరేచనాల వంటి బాక్టీరియా వ్యాధులు ఆ తరువాత నగరంలో ఎగబాకలేదు. కాని డిసెంబరు మొదలు జనవరి మూడో వారం వరకు ఢిల్లీలో పచ్చకామెర్లు విరుచుకుపడ్డాయి. కళ్లు పచ్చబడి లక్షణాలు బయటపడ్డ రోగులే సుమారు 29,300 మంది అని తేలింది. గర్భిణుల్లో ఈ జబ్బు ప్రాణాంతకంగా పరిణమించింది.

ఆ నీటిలో బతికి బయటపడ్డ వైరస్‌కు అప్పటికి పేరే లేదు. దాదాపు పాతికేళ్ల తరువాత, 1980లో, ఆ రోగుల నుంచి సేకరించి భద్రపరచిన రక్తరసాన్ని పరీక్షించినప్పుడు అది అప్పటికి తెలిసిన హెపటైటిస్-ఎ కాదని నిర్ధారణ అయింది. 1983లో సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ బలాయన్ కలుషిత నమూనాను స్వయంగా మింగి తన శరీరంలోనే ఆ వైరస్ ఉనికిని చూపించాడు, అదే తరువాత హెపటైటిస్-ఇ అన్న పేరుతో స్థిరపడింది. ప్రపంచ వైద్య గ్రంథాల్లో ఈ వ్యాధి చరిత్ర చెప్పేచోట ఢిల్లీ పేరు తప్పనిసరిగా వస్తుంది. ఇక్కడ గమనించవలసింది, 1955 నవంబరులో పంపుల దగ్గర ఉన్నవాళ్లు ముందు జాగ్రత్తగానే వ్యవహరించారన్నది. వాళ్ల జాగ్రత్త వాళ్ల కాలపు జ్ఞానం ఎంత వెడల్పో అంతే వెడల్పున నిలిచింది. తప్పు పట్టడానికి వీల్లేని మనుషుల చేతుల్లో జరిగిన విపత్తు కాబట్టే అది ఎక్కువగా బాధిస్తుంది. 1959లో వజీరాబాదు బ్యారేజీ పూర్తయిన తరువాత, మంచినీటి పంపులకు కావలసిన నీరు నజఫ్‌గఢ్ కాలువ కలిసే చోటికి ఎగువనే నిలిచే ఏర్పాటు జరిగింది.

ఆ బ్యారేజీ పూర్తికాకముందే, 1958 నవంబరులో, ఢిల్లీలో ఒక చిన్న విభాగం మొదలైంది. కేంద్ర జల, విద్యుత్ సంఘం యమున మీద, ఢిల్లీ కోసం, వరద రాకను ముందే చెప్పే పనిని చేపట్టింది. భారతదేశంలో శాస్త్రీయ వరద సూచనకు ఇదే ఆరంభం. 1945లో అయోధ్యనాథ్ ఖోస్లా అధ్యక్షుడిగా ఏర్పడి, పలు పేర్లు మార్చుకుని, 1974లో విద్యుత్ శాఖ వేరుపడిన తరువాత కేంద్ర జల సంఘంగా మిగిలిన సంస్థ ఇదే. నదులకు గోడ కట్టడం తెలిసిన సంస్థ, నదుల గురించి మేలుకొని ఉండే పనిని కూడా తలకెత్తుకోవడం చిన్న మార్పు కాదు. ఈ పనిలో వాళ్లు వరదను ఆపరు, తగ్గించరు, దారి మళ్లించరు. ఎంత నీరు, ఎన్ని గంటలకు వస్తుందో చెబుతారు, అంతే. ఆ గంటలను వాడుకోవడం ఇతరుల వంతు.

ఆ సూచన తయారయ్యే తీరు తెలుసుకుంటే దాని బలమూ బలహీనతా రెండూ కనిపిస్తాయి. యమున పర్వతాలు దిగి మైదానంలోకి వచ్చేచోట, హర్యానాలోని యమునానగర్ జిల్లాలో, పూర్వం 1873 నాటి తాజేవాలా ఆనకట్ట ఉండేది, ఇప్పుడు దాని బదులు హథినీకుండ్ బ్యారేజీ పనిచేస్తున్నది. అక్కడ నుంచి వదిలిన నీరు నది దారిలో 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఢిల్లీ చేరడానికి సాధారణంగా రెండు నుంచి మూడు రోజులు పడుతుంది. ఆ నీటిని క్యూసెక్కుల్లో లెక్కిస్తారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్ల ప్రవాహం. దారిలో కలానౌర్, కర్నాల్, మావీ వంటి చోట్ల నది ఒడ్డున అంకెలు రాసిన గేజి స్తంభాలు ఉంటాయి. వాన ఊపందుకున్నప్పుడు సిబ్బంది ప్రతి గంటకూ, రాత్రయితే టార్చి వెలుగులో, ఆ స్తంభం మీద నీరు తాకిన అంకె చదివి వైర్‌లెస్‌లో పంపేవారు. ఢిల్లీలో కూర్చున్న ఇంజినీరు దగ్గర గడిచిన వరదల నుంచి గీసుకున్న రేఖాచిత్రాలు ఉండేవి: ఎగువ స్తంభం దగ్గర మట్టం ఇంత ఉన్నప్పుడు, ఇన్ని గంటల తరువాత పాత వంతెన దగ్గర ఇంత ఉంటుందన్న సంబంధాన్ని అడ్డం, నిలువు గీతల మధ్య ఒక వంపు రేఖగా చూపే చిత్రాలవి. ఇప్పుడు సెన్సార్లు, కంప్యూటర్ నమూనాలు చేరినా మూలసూత్రం మారలేదు. రేపటి గురించి చెప్పే ఆ రేఖ నిజానికి నిన్నటి వరదల జ్ఞాపకం. నది నిన్నటిలాగే ప్రవహిస్తుందన్న నమ్మకం మీద అది నిలబడి ఉంటుంది.

ఢిల్లీలో మొదలైన ఈ పని 1969 నుంచి దేశంలోని ఇతర నదులకు విస్తరించింది. ఆ విస్తరణ మొదలైన నాటికి కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావు. రాజకీయాల్లోకి రాకముందు ఇదే జల, విద్యుత్ సంఘంలో ఇంజినీరుగా పనిచేసిన ఆయన 1963 నుంచి దశాబ్దం పాటు ఆ శాఖ బాధ్యతలు మోశారు. తెలుగు పాఠకుడు కె.ఎల్.రావు అనగానే నాగార్జునసాగర్‌ను తలుచుకుంటాడు, గంగా-కావేరి అనుసంధాన ప్రతిపాదనను తలుచుకుంటాడు. గేజి స్తంభం దగ్గర గొడుగు కింద నిలబడి అంకె చదివే సిబ్బంది దేశమంతటా పెరిగిన కాలం కూడా ఆయన మంత్రిత్వ కాలమే అన్నది ఎవరికీ అంతగా గుర్తులేదు. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు లేచినప్పుడు ఎగువ నుంచి దిగువకు పరుగెత్తిన అంకెల వెనుక ఉన్నది ఢిల్లీ వంతెన దగ్గర పురుడుపోసుకున్న పద్ధతే.

కొత్త పద్ధతికి యమునపై పెద్ద పరీక్ష 1978 సెప్టెంబరులో వచ్చింది. తాజేవాలా దగ్గర సుమారు 7 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, సెప్టెంబరు 6న పాత వంతెన దగ్గర నీటి మట్టం 207.49 మీటర్లకు చేరింది. నీరు వస్తున్నదన్న సంగతి నగరానికి ముందే తెలుసు. తెలియనిది, పల్లా, వజీరాబాదుల మధ్య కట్ట ఎక్కడ తెగుతుందన్నది. గండ్లు పడి ఉత్తర ఢిల్లీలో మోడల్ టౌన్, ముఖర్జీ నగర్ వంటి కాలనీలు మునిగాయి, వీధుల్లో పడవలు తిరిగాయి. 1912లో సంఘం వద్దన్న పల్లపు ప్రాంతం పరిసరాలివే అన్నది గుర్తుంచుకుంటే, ఆ మునక ఆశ్చర్యం కలిగించదు, దుఃఖం మాత్రం కలిగిస్తుంది. ఆ తరువాత కట్టలను ఎత్తు పెంచి బలపరిచారు, 207.49 అన్న అంకె 45 ఏళ్ల పాటు ఢిల్లీకి తెలిసిన అత్యధిక వరదగా నిలిచి, ఇంజినీర్ల మనసుల్లో ఒక హద్దురాయిలా పాతుకుపోయింది.

హద్దురాయి ఉన్నచోట దాని ఇవతలి నేల సురక్షితమన్న భావన పెరుగుతుంది. వజీరాబాదు నుంచి ఓఖ్లా వరకు ఉన్న 22 కిలోమీటర్ల నదిలో వంతెన తరువాత వంతెన లేచాయి, మెట్రో స్తంభాలు దిగాయి, 2010 కామన్వెల్త్ క్రీడల కోసం క్రీడాగ్రామం కట్టారు, రోడ్లు, డిపోలు నది వెడల్పును కొంచెం కొంచెంగా కొరుక్కుతిన్నాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 జనవరిలో ఇచ్చిన తీర్పులో, పాతికేళ్లకు ఒకసారి రాగల వరదను కొలతగా తీసుకుని యమున ముంపు మైదానాన్ని గుర్తించి, అందులో కొత్త నిర్మాణాలు రాకుండా చూడమని ఆదేశించింది. అది గోడ ఆలోచన కాదు, నదికి జాగా వదలడం. కోటగోడ కింద ఇసుక మేటను వదిలిపెట్టిన కాలపు బుద్ధికి న్యాయభాషలో వచ్చిన రూపం. అమలు మాత్రం తీర్పంత వేగంగా జరగలేదు.

మూడు వరదల అంకెలను పక్కపక్కన పెడితే అసలు కథ బయటపడుతుంది. 2013 జూన్‌లో హథినీకుండ్ నుంచి గరిష్ఠంగా 8 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు విడుదలైతే పాత వంతెన దగ్గర మట్టం 207.32 మీటర్లకు చేరింది. 2019 ఆగస్టులో 8.28 లక్షల క్యూసెక్కులు వదిలితే ఢిల్లీ చూసింది 206.60 మీటర్లే. 2023 జులై 11న అక్కడ నమోదైన గరిష్ఠం 3.59 లక్షల క్యూసెక్కులు, అంటే 2019 నాటి దానిలో సగం కూడా కాదు. కాని జులై 13 సాయంత్రం ఢిల్లీలో యమున 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి హద్దురాయిని మీటరుకు పైగా మించింది. పైన ఎంత నీరు వదిలారన్న ఒక్క అంకెను చూసి కింద ఏమవుతుందో చెప్పే అలవాటు ఆ రోజుతో చెల్లిపోయింది. గరిష్ఠ ప్రవాహం కొద్ది గంటలే ఉంటే దారిలో మైదానమంతా పరుచుకుని పలచబడుతుంది, తక్కువ ప్రవాహమైనా ఎక్కువసేపు కొనసాగితే పలచబడదు. ఆ జులైలో దిగువ పరీవాహక ప్రాంతంలోనూ ఢిల్లీలోనూ కుండపోత కురిసింది, నగరంలో ఒక్క రోజులో 153 మిల్లీమీటర్ల వాన పడింది. వీటికి తోడు నది పడకలో పేరుకున్న పూడిక, ముంపు మైదానంలో పెరిగిన కట్టడాలు, ఐటీఓ బ్యారేజీలో ఉన్న 32 గేట్లలో తెరుచుకోకుండా బిగిసిపోయిన అయిదు గేట్లు చర్చకు వచ్చాయి. ఇవన్నీ నది స్వభావాన్ని మార్చిన సంగతులు, పాత వరదల జ్ఞాపకంతో గీసిన రేఖ మీద ఇవి కనిపించవు.

సూచనలు ఇచ్చేవాళ్లు ఆ మూడు రోజులు నదితో పోటీపడి పరుగెత్తవలసి వచ్చింది. జులై 12 రాత్రికి మట్టం 207.72 మీటర్లకు చేరవచ్చన్న అంచనా వెలువడింది; అదే రాత్రి నీరు 208 దాటింది. రింగ్ రోడ్డు మీదికి వచ్చిన నీరు ఎర్రకోట వెనుక గోడను తాకినప్పుడు, నది తన పాత పడకను గుర్తుపట్టిందని చాలామంది రాశారు; షాజహాన్ కాలపు చిత్రాల్లో కోట కింద కనిపించే నీరు మళ్లీ అక్కడే నిలబడటం చూసినవాళ్లకు ఆ మాట అలంకారంగా తోచదు. ఇంద్రప్రస్థ దగ్గర మురుగు కాలువకు ఉన్న రెగ్యులేటర్, అంటే కాలువ నీరు నదిలోకి వెళ్లనిచ్చి నది నీరు కాలువలోకి రాకుండా ఆపే తలుపుల కట్టడం, దెబ్బతినడంతో యమున వెనుక దారిన నగరంలోకి వచ్చి ఐటీఓ కూడలినీ రాజ్‌ఘాట్‌నూ ముంచింది. వజీరాబాదు, చంద్రావల్, ఓఖ్లా నీటి శుద్ధి కేంద్రాలు ఆగిపోయి, వరద మధ్యలో ఉన్న నగరానికి తాగునీటి కరవు వచ్చింది. 1955 నాటి పంపుల కథ తెలిసినవాళ్లకు, ఆ కేంద్రాలను నడపకుండా ఆపడంలో ఉన్న వివేకం వెంటనే అర్థమవుతుంది.

ఇంత చరిత్రలోనూ హెచ్చరిక ఎవరి కోసమో ఆ మనిషి గురించిన ప్రస్తావన తక్కువ. ఖాదర్‌లో ముల్లంగి, పాలకూర, సొర, దోస పండించే కౌలు రైతులూ, గేదెలను పెంచుకునేవాళ్లూ, పూలతోటల్లో కూలి చేసేవాళ్లూ పుస్తాకు అవతలి వైపు, నది ఒళ్లో బతుకుతారు. పూర్వం వాళ్లకు కబురు మునాదీ రూపంలో అందేది. తెలుగు పల్లెల్లో టముకు వేయించడం, చాటింపు వేయించడం అన్నది ఏదో ఇదీ అదే, డప్పు కొట్టి కేకవేసి చెప్పడం. ఇప్పుడు ఆటో మీద మైకు పెట్టి, పడవల్లో తిరిగి చెబుతారు. కబురు విన్నవాళ్లు తాటాకు బదులు రెల్లుతోనూ టార్పాలిన్‌తోనూ కప్పిన గుడిసెలను విప్పి, ఇనుప పెట్టె, గ్యాసు సిలిండరు, గడ్డిమోపు, పశువులతో పుస్తా ఎక్కుతారు. కట్ట పొడవునా రోడ్డు పక్కన గుడారాలు వెలుస్తాయి, నీరు తీసేదాకా వారాల తరబడి బతుకు ఆ గుడారాల్లోనే. విప్పడానికి వీలుగా ఇల్లు కట్టుకోవడం పేదరికపు గుర్తే అయినా, ఏటా వచ్చే నది పక్కన తరతరాలుగా నేర్చుకున్న నేర్పు కూడా అందులో ఉంది.

2025 సెప్టెంబరు మొదటి వారంలో యమున మళ్లీ లేచి 207.48 మీటర్లకు చేరింది, 1978 నాటి అంకెకు ఒక్క సెంటీమీటరు తక్కువ. పాత ఇనుప వంతెన మీద రాకపోకలను నీరు అంత ఎత్తుకు రాకముందే ఆపేశారు, ఒడ్డు వాళ్లను శిబిరాలకు పంపారు, పత్రికలు మళ్లీ ఎహతియాతన్ అని రాశాయి. నగరానికి ఆ మాట సరిపోయింది. ఖాదర్ రైతుకు లెక్క వేరు: ఖాళీ చేయమనే గీత 206 దగ్గర ఉంది, అతని పల్లపు మడి మాత్రం నీరు ఆ గీతను తాకకముందే మునుగుతుంది. మనిషి, గేదె, ఇనుప పెట్టె పుస్తా మీదికి వేళకే చేరుతున్నాయి. జూన్‌లో అప్పు తెచ్చి నాటిన నారు కోసం గేజి స్తంభం మీద ఇప్పటికీ ఏ గీతా లేదు.